రెండు షిఫ్టుల మంచం

"గా పుస్తకం సదివితే కల మన చేతులకొస్తదా సార్?"

దుప్పటి మడతపెడుతూ, కిటికీలో భార్గవ్ పెట్టుకున్న కలల పుస్తకం వైపు చూపించి అడిగాడు రాజనర్సయ్య.

భార్గవ్ బూట్లు విప్పుకుంటున్నాడు. పొద్దున ఎనిమిదింటికి ఇలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పే ఓపిక అతనికి లేదు.

ఆ రోజుల్లో అమీర్‌పేట హాస్టళ్లలో మనుషులకే కాదు, మంచాలకీ షిఫ్టులుండేవి. అమెరికా డాక్టర్లు చెప్పే రోగాల్ని పంజాగుట్టలో కూర్చుని రాత్రంతా టైపు చేసే భార్గవ్‌కి ఆ మంచం పగలు. కూడలిలో నిలబడి కంప్యూటర్ కోర్సుల పాంప్లెట్లు పంచే రాజనర్సయ్యకి రాత్రి. ఆరు నెలలుగా ఒకే మంచం మీద పడుకుంటున్నా ఇద్దరూ మాట్లాడుకున్నది పట్టుమని పది మాటలుండవు.

"కల వస్తున్నప్పుడే అది కల అని తెలుస్తుందట. అలా రాశారు" అన్నాడు భార్గవ్ ముక్తసరిగా.

"తెలిస్తే ఏం జేస్తరు?"

ఎందుకు చెప్పాడో అతనికే తెలీదు గానీ, చెప్పేశాడు.

అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్క ఉదయలక్ష్మి. ఓ సాయంత్రం తణుకు నుంచి ఫోన్ చేసింది. షిఫ్టుకి టైమైంది, రేపు చేస్తానని పెట్టేశాడు. తెల్లారేసరికి అక్క లేదు. గుండెపోటు. ఇప్పుడు రోజూ కలలోకి వస్తుంది. కలలోనూ ఇతను అదే మాట అనేసి వెళ్లిపోతాడు. అది కల అని ఒక్కసారి తెలిస్తే చాలు, ఆగి, ఆమె పక్కన కూర్చుని తప్పయిపోయిందని చెప్పుకుంటాడు.

ఇదంతా ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు. అక్క పోయిన దగ్గర్నుంచీ అతనికి ఏడుపు రాలేదు. గుండెపోటు అన్న మాట రాత్రికి పదిసార్లు టైపు చేసేవాడు. చేతులు ఆగేవి కావు.

రాజనర్సయ్య పాంప్లెట్ల కట్ట చంకన పెట్టుకుని పనికి వెళ్లిపోయాడు.

పుస్తకం చెప్పినవన్నీ భార్గవ్ తు.చ. తప్పకుండా చేశాడు. లేవగానే కలని నోటు పుస్తకంలో రాశాడు. ఇది కలా నిజమా అనుకుంటూ గంటకోసారి అరచేతులు చూసుకున్నాడు. బస్సులో పక్కవాళ్లు జాతకం చూసుకుంటున్నాడనుకునేవారు.

నాలుగు వారాలైంది. మెలకువలో వంద సార్లు చేసిన పని కలలో ఒక్కసారీ గుర్తురాలేదు.

ఐదో వారంలో గుర్తొచ్చింది.

అక్క పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తిన్నావా అని అడిగింది. గుమ్మం దాటబోతున్నవాడల్లా ఆగిపోయాడు. ఇది కల. స్పష్టంగా తెలిసిపోయింది. వెనక్కి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. నోరు తెరిచేలోపే మెలకువ వచ్చేసింది. మొదట్లో ఇలాగే అవుతుందని పుస్తకంలోనే ఉంది.

ఆ తర్వాత మరో మూడుసార్లు. ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువసేపు ఆ గుమ్మంలో నిలబడగలిగాడు.

ఆఫీసులో పుస్తకాన్ని తెగ పొగిడాడు. ఇద్దరికి జిరాక్సు తీయించి ఇచ్చాడు. వాళ్లకేమీ రాలేదు. సరిగ్గా చదివి ఉండరనుకున్నాడు.

ఐదోసారి అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, ఆ రోజు ఫోన్లో..."

కళ్లు తెరుచుకున్నాయి.

మొహానికి జానెడు దూరంలో రాజనర్సయ్య. అతని చెయ్యి దిండు పక్కన ఉంది. దిండు కింద సెల్‌ఫోన్ ఉంది. పట్టపగలు పన్నెండున్నర. రూంలో మిగతావాళ్లంతా క్లాసుల్లో ఉన్నారు.

ఇన్నాళ్లకి భార్గవ్‌కి ఒళ్లంతా తెలిసేలా ఏదో పుట్టింది. అది కోపం.

అరుపులకి హాస్టల్ ఓనర్ హనుమత్ప్రసాద్ గారు పైకొచ్చారు.

"పనిలో ఉండాల్సిన టైములో నీకిక్కడేం పనయ్యా?"

రాజనర్సయ్య భార్గవ్ వంక చూశాడు. కిటికీలో ఉన్న పుస్తకం వంక చూశాడు.

"ఏం లేదు సార్" అన్నాడు.

సాయంత్రానికి సంచి సర్దించి పంపేశారు. భార్గవ్ కిందికి కూడా దిగలేదు. మంచం రాత్రి షిఫ్టు ఇంకొకరికి ఇచ్చారు.

నెల గడిచింది. అక్క కలలోకి వస్తూనే ఉంది. షిఫ్టుకి టైమైందని ఇతను వెళ్లిపోతూనే ఉన్నాడు. పుస్తకం మొదట్నుంచి చివరిదాకా మళ్లీ రెండుసార్లు చదివాడు. లాభం లేకపోయింది. బాధ కూడా వేయలేదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం రూము ఊడవడానికి వచ్చిన చిలకమ్మకి పుస్తకం ఇచ్చేసి, పాత పేపర్లలో పడేయమన్నాడు.

చిలకమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేనా? నర్సన్న దీన్ని ఓ సాయంత్రం కోచింగ్ సెంటర్ల సార్ల కాడికి పట్టుకపోయి సదివించుకున్నడు. ఆయనకు అక్షరం రాదు గద."

"అతనికెందుకు ఇది?"

చిలకమ్మ చీపురు పక్కన పెట్టింది.

"సెప్పొద్దన్నడు బిడ్డా. సెప్తే నీకు పుస్తకం మీద నమ్మకం పోతదట."

"ఏం చెప్పొద్దన్నాడు?"

"దినాం మధ్యాహ్నం తిండికి ఇడిసిన గంటల, తినకుంట ఈడికొచ్చి నీ మంచం పక్కన కూసుంటుండె. నీ కనురెప్పలు అదరంగనే చెవి కాడికి వంగి, 'ఇది కల సార్, మీ అక్క వచ్చింది, మాట్లాడుండ్రి' అని మెల్లగ సెప్తుండె."