నక్కలు లేని దీవి

“కదలకండి. తల వెనక రూపాయి బిళ్లంత మేర జుట్టు లేదు,” అంది సుందరి. “పేనుకొరుకుడు.”

చంద్రమౌళి టీ కప్పు కింద పెట్టి కిటికీ మూశాడు.

“పేలా? నా తల్లోనా? నెమ్మదిగా చెప్పవే! ఆదివారం ఎలక్షను.”

పోర్ట్ బ్లెయిర్‌లో కాంట్రాక్టరుగా అతనికి మంచి పేరే ఉంది. లేనిదల్లా తెలుగు సంఘం అధ్యక్ష పదవి. రెండుసార్లు భానుప్రకాష్ చేతిలో ఓడిపోయాడు. మూడోసారి కూడా ఓడితే సభల్లో ముందు వరుస కుర్చీ దక్కదు. ఇప్పుడు తలలో పేలున్నాయని పేరొస్తే ఇక చెప్పనక్కరలేదు.

డాక్టరు బల్ల అవతల నుంచే తల చూసి, చీటీ మీద ఆ జబ్బు పేరు రాశాడు: అలోపేషియా ఏరియేటా. చంద్రమౌళికి ప్రాణం లేచివచ్చింది. అందులో పేను ఎక్కడా లేదు. పైగా ఓడ పేరులా గంభీరంగా ఉంది. సాయంత్రం సంఘం హాలులో ఆ చీటీ పదిమందికీ చూపించాడు.

“సుచరిత దీదీ, దీనికి అర్థమేటో చెప్పండి,” అన్నాడు, బడిలో తెలుగు చెప్పే సుచరితతో.

ఆమె ఫోనులో నిఘంటువు చూసుకుని, ఆచితూచి చెప్పింది.

“మొదటిది గ్రీకు మాట నుంచి వచ్చింది. అలోపెక్స్ అంటే నక్క. గజ్జి పట్టిన నక్కకు బొచ్చు ఊడుతుంది కదా, దాన్నిబట్టి పెట్టిన పేరు. రెండోది లాటిన్. ఖాళీ జాగా అని అర్థమున్న మాట నుంచి వచ్చింది.”

“కాంట్రాక్టరుకి తగ్గ జబ్బే భయ్యా,” అన్నాడు భానుప్రకాష్. “ఖాళీ జాగా కనిపిస్తే వదలడు.”

హాలంతా నవ్వింది. చంద్రమౌళి నవ్వలేదు.

“దీదీ, మన దీవుల్లో నక్కలున్నాయా?”

“లేవు. అయినా అది పేరు మాత్రమే. ఈ జబ్బు నక్క నుంచి రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.”

“లేవు కదా! అంటే మెయిన్‌లాండ్ నుంచే రావాలి. పది రోజుల కిందట వైజాగ్ ఓడ దిగినదెవరు? జెట్టీలో నన్ను కావలించుకున్నదెవరు?”

అందరూ భానుప్రకాష్ వైపు చూశారు. పక్కనున్నాయన తన కుర్చీ కాస్త జరుపుకున్నాడు.

“అరె, నా తల చూడండి! ఒక్క వెంట్రుకైనా ఊడిందా?” అన్నాడు భానుప్రకాష్.

“మోసుకొచ్చినోడికి ఏమీ అవదులే,” అన్నాడు చంద్రమౌళి.

“అంటుకోదన్నాను,” అంది సుచరిత.

“అర్థం మీరు చెప్పారు దీదీ. మిగతాది మేం చూసుకుంటాం.”

శుక్రవారానికల్లా చాతం ఫెర్రీ పడవలో భానుప్రకాష్ పక్కన కూర్చునేవాళ్లు లేకపోయారు. అతను తనకు ఏ జబ్బూ లేదని డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించి తన దుకాణం గోడకు అంటించాడు. జబ్బు లేనివాడికి సర్టిఫికెట్ దేనికని జనం అడిగారు. జబ్బున్న చంద్రమౌళిని మాత్రం, పాపం, అన్యాయమైపోయాడని పరామర్శించారు. ఆదివారం ఆ జాలితోనే ఓట్లు వేశారు.

“నక్క తోక తొక్కారు!” అంది సుందరి, భర్త మెడలో దండ సర్దుతూ.

పత్రికలో ఫోటో వేయించాలని సోమవారం పొద్దున్నే కొత్త అధ్యక్షుడు లక్ష్ముడి సెలూన్‌కి వెళ్లాడు. ఇరవై ఏళ్లుగా అతని తల లక్ష్ముడి చేతిలోదే.

“చూశావా, జుట్టు మళ్లీ మొలుస్తోంది. ఆయింట్‌మెంటు మహిమ. అన్నట్టు, భానుకి కటింగ్ చెయ్యకు. సంఘం తరఫున చెబుతున్నా.”

లక్ష్ముడు దువ్వెన కింద పెట్టాడు.

“భానుబాబు రెండ్రోజులై గుమ్మం దాకా వచ్చి, లోపలున్నోళ్లని సూసి ఎల్లిపోతన్నారు బాబూ. ఆయనకేటీ లేదు.”

“నీకేం తెలుసు? నువ్వు డాక్టరువా?”

“కాను బాబూ.”

“మరి నోరు మూసుకుని నీ పని చూసుకో.”

లక్ష్ముడు అతని మెడకు గుడ్డ చుట్టి, అద్దంలోకి కాకుండా నేలకేసి చూస్తూ అన్నాడు.

“పోయినసారి మీరు కునుకు తీస్తుంటే తల ఎనక నా కటింగ్ మిషను జారిపోనాది బాబూ.”