అతకనన్న మిషను

ఆటోనగర్‌లో ఇప్పుడు ఏ షాపులో చూసినా మాట్లాడే కొత్తరకం వెల్డింగ్ మిషన్లే. ఇనుము మందం చూసుకుని కరెంటూ, వైరు వేగమూ అవే సర్దుకుంటాయి. పని చకచకా అవుతోందని బళ్లు వరసకట్టడంతో, పొద్దుట్నుంచీ వెల్డింగ్ గన్ను వదలక వెల్డర్ నూకరాజు వేళ్లు తిమ్మిరెక్కాయి.

మరియమ్మ, నడవలేని భర్త మూడుచక్రాల బండిని తోసుకొచ్చింది. చట్రం విరిగిపోయింది. నూకరాజు గన్ను ఆనించగానే, "ఇనుము పలచబడింది. అతకను," అంది మిషను.

"అన్నా, ప్రతి షాపులోనూ ఇదే మాట! బండి లేక మా ఆయన గడప దాటడం లేదు."

నూకరాజు నిట్టూర్చి, తాను కూర్చునే ఇనుప స్టూలు కాలు కోసి, విరిగిన చోట పట్టీగా బిగించాడు. మందం సరిపోయి, మిషను మారుమాట్లాడకుండా అతికించింది.

"మరి నువ్వెక్కడ కూర్చుంటావన్నా?"

"ఈ మిషను కూర్చోనిస్తే కదా, చెల్లెమ్మా!" అంటూ వరసలో తర్వాతి బండి వైపు నడిచాడు.