అల్లుడి మీద చెయ్యి

తవిటయ్య కొట్టిన మొదటి దెబ్బకే అల్లుడు గిరిబాబు పెదవి చిట్లింది. రెండో దెబ్బ చెవి మీద పడింది. ఆ తర్వాత కాలితో తన్నాడు.

ఖరగ్‌పూర్ శివార్లలో మామ పనిచేసే కాగితం మిల్లులో గిరిబాబు కొత్తగా చేరాడు. మురికినీళ్ల ట్యాంకు గట్టు మీద పాలిమర్ బస్తా చిరిగి పొడంతా ఒలికింది. నీళ్లలోని నుసిని ముద్దకట్టించి అడుక్కి దించే పొడి అది. కడిగేద్దామని అతను నీళ్ల పైపు అందుకున్నాడు, అంతే. మామ అతని జుట్టు పట్టుకుని మెట్ల కిందికి ఈడ్చేశాడు.

పెళ్లయిన నాటి నుంచి ‘బాబూ’ అని తప్ప పిలవని మనిషి.

"నానేటి సేసినాను మామా?"

జవాబుగా ఇంకో దెబ్బ పడింది. "ఛాడో దాదా, వదిలెయ్" అంటూ తోటివాళ్లు పట్టి లాగారు. తవిటయ్య వాళ్లను విదిలించుకుని గట్టెక్కి, చుక్క నీరు తగలనివ్వకుండా ఆ పొడిని చీపురుతో ఎత్తసాగాడు.

గిరిబాబు నెత్తురు ఉమ్మి, ట్రాఫిక్ కాలనీలో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు.

"పొడి ఒలికినాదని, ఇంకాసేపైతే మీ నాన్న నన్ను సంపీసును. ఇంక ఆయన గుమ్మం తొక్కను."

"నీ సేతిలో నీళ్ల పైపుందేటి?"

"ఉంది. అయితే?"



"ఆ పొడి తడిస్తే కాలు నిలవదు, జారిపోద్ది. అన్నయ్య ట్యాంకులో పడి సచ్చిపోయింది అలాగే. ఆ రోజు కడిగెయ్‌రా అని పైపు సేతికిచ్చింది నాన్నే."