అట్ట వెనక పెన్సిల్ రాత

రేపు నా భార్యనూ నాలుగు రోజుల పాపనూ ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకురావాలి. అందుకని మరియాంపొలె ఊళ్లో పాత కార్ల సంతలో ఒక కారు కొన్నాను. ఎంత కడిగినా కుళ్లు వాసన పోకపోయేసరికి మామగారు రిమ్‌గౌదస్ షెడ్డుకు తెచ్చాను. ముప్పై ఏళ్లుగా కార్ల లోపలి పని ఆయనది.

ఆయన తలుపుల పక్క ప్లాస్టిక్ తొడుగులు ఊడదీసి, లైటు విప్పి, కారు పైకప్పుకు లోపలివైపున్న గుడ్డ అట్టను కిందికి లాగారు. ఎండిన బురద మా మొహాల మీద రాలింది. అందులో బూజు, కుళ్లిన ఆకులు, చచ్చిన నత్తలు.

"వరదలో కప్పు దాకా మునిగిన బండి," అని మామగారు ఉమ్మేశారు. "ఈ ఎయిర్‌బ్యాగు తీగ చూడు, తుప్పు తినేసింది. రేపు ఎవడన్నా గుద్దితే ఇది తెరుచుకోదు. కనీసం కడగకుండా కొత్త గుడ్డ అంటించి బిగించేశాడు, వెధవ. వాడి చేతులు పడిపోను."

"వాడెవడో ఎలా తెలుస్తుంది మామయ్యా?"

"అట్ట వెనక మూలన చూడు. ఈ పని చేసేవాళ్లం పెన్సిల్‌తో పేరు, నెల రాస్తాం. చదువు, ఇప్పుడే వాడి ఇంటికి పోదాం."

దుమ్ము తుడిచాను. పేరు, పక్కనే మే నెల కనబడ్డాయి. పైకి చదవకుండా అట్టను ఆయన వైపు తిప్పాను.

కళ్లద్దాలు పెట్టుకుని చూశారు.

"ఆ మే నెలలో ఇలాంటివి పదకొండు చేశాను అల్లుడూ," అన్నారు. "నువ్వు కొన్నది వాటిలో ఒక్కటే."