సెల్లప్పతో పంతం

“నాకు బెంగుళూరులో సెల్స్ ఎక్కించినారప్పా,” అన్నాడు ఎదురు బెంచీ మనిషి.

ఉలిగమ్మకు సెల్లు వరకే వినబడింది.

“ఒంట్లో సెల్‌ఫోనా? మరి ఛార్జింగ్ యాడ పెడతావన్నా?”

పెనుకొండ ఆసుపత్రి ఫిజియోథెరపీ గది గొల్లుమంది. ఆ క్షణం నుంచి హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ హమాలీ ఎర్రప్ప అందరికీ సెల్లప్ప అయిపోయాడు.

నవ్వనిది ఉలిగమ్మ మొగుడు పోతులయ్య ఒక్కడే.

పట్టుపురుగులు మేపే మనిషి. పక్షవాతం కొట్టి కుడిచెయ్యి పడిపోయింది. పావురం నెత్తురు రాస్తే లేస్తుందని ఎవరో చెబితే రెండు రోజులు రాసి, మూడోరోజు ఆసుపత్రికి వచ్చాడు. పోయిన మంగళవారం ఇదే గదిలో గోడకు తిరిగి పడుకుని, “ఇంక నన్ను వదిలేయండి” అన్నాడు.

“ఆ సెల్సేవో నాకూ ఎక్కించమ్మా,” అని ఫిజియోథెరపిస్టు కల్పనను అడిగాడు.

“అవి మూలకణాలన్నా. జబ్బు చేసిన రెండు రోజుల్లో ఎక్కిస్తే మెదడు ఇంకా చెడకుండా కాపాడతాయేమోనని చేసిన పరీక్ష అది. పరీక్షా అయిపోయింది, మీ గడువూ అయిపోయింది.”

ఎర్రప్ప ఒకప్పుడు పడిపోయిన తన ఎడమచెయ్యి ఎత్తి ఆడించాడు.

“నాకు సూదుండాది, లేసినా. నీకేముండాదబ్బా?”

“రోషముండాది.”

“రోషం సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారా?”

ఒంట్లో ఒక పక్షం పడిపోయినా, పోతులయ్య ఆ రోజు నుంచి పూర్తిగా ప్రతిపక్షం.

మరుసటి మంగళవారం ఎర్రప్ప ఒక సంచి తెచ్చి బెంచీ మీద కుమ్మరించాడు. మార్కెట్లో పక్కన పారేసిన పట్టుగూళ్లు.

“పడిపోయిన చేత్తోనే ఎత్తి గంపలో వెయ్యల్ల. నలిగిందంటే ఓడినట్టే.”

పోతులయ్య వేళ్లు పిడికిలిగా బిగుసుకున్నాయి. ఎత్తిన గూడల్లా నలిగింది. ఎర్రప్ప పది తీసి గంపలో వేశాడు.

“మా సెల్లుకు ఫుల్ సిగ్నలప్పా. నీదేమి, టవరే లేదా?”

“నీ సెల్లు స్విచ్చాఫ్ చేయించకపోతే నా పేరు పోతులయ్య కాదు.”

ఇంటికి పోయి పురుగుల షెడ్డులో కూర్చున్నాడు. గూడు ఎత్తడం, నలపడం, తిట్టడం. తిట్టేది గూటిని కాదు.

“కొంచేపు పడుకోయ్యా,” అంది ఉలిగమ్మ.

“వాడు సూదితో లేసినాడు. నేను సూది లేకుండానే లేస్తా చూడు.”

వారం వారం ఎర్రప్ప వచ్చాడు. వారం వారం ఓడించి, వెక్కిరించి పోయాడు. నాలుగో నెలలో పోతులయ్య చూపుడువేలు విచ్చుకుంది. ఐదో నెలలో బొటనవేలు దాని మాట వింది.

ఆరో నెలలో పంట చేతికొచ్చింది. నిజంగానే చేతికి, అదీ కుడిచేతికి. పురుగులు గూళ్లు కట్టిన వెదురు తడికె నుంచి ఒక్క గూడూ నలక్కుండా ఏరాడు.

వాటిలో ఒకటి కుడి అరచేతిలో పెట్టుకుని, బస్సులో ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని పెనుకొండ చేరాడు.

“యాడమ్మా సెల్లప్ప? ఈపొద్దు వాని పొగరు దించల్ల.”

ఎదురు బెంచీ ఖాళీగా ఉంది.

కల్పన తలెత్తలేదు. “ఆదివారం గుండె ఆగిపోయిందంటన్నా.”

స్విచ్చాఫ్ చేయిస్తానన్న పంతం పోతులయ్యకు గుర్తొచ్చింది. ఆ వెంటే కోపం వచ్చింది.

“సూది ఎక్కించుకున్నోడు పోయినాడు, ఏమీ లేనోన్ని నేనుండా. ఏం సెల్సమ్మా అవి?”

గదిలో అందరూ కల్పన వైపు తిరిగారు.

“ఆయనకు సెల్స్ ఎక్కించనే లేదు. ఆ పరీక్షలో సగం మందికి మూలకణాలు, సగం మందికి ఉప్పునీళ్లు. ఎవరికేది ఎక్కిందో చివరిదాకా చెప్పరు. చెబితే మందు పనితనం తేలదు. ఎర్రప్పన్నకు ఎక్కింది ఉప్పునీళ్లు.”

“అయ్యో, ఆయప్పకు తెలీనే తెలీదా?” అంది ఉలిగమ్మ.

“తెలుసక్కా. ఆరు నెలల కిందట ఈడ చివరిసారి చూపించుకున్న రోజే బెంగుళూరు కవరు విప్పి చెప్పినారు. ఎవరికీ చెప్పద్దని నా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు.”

“మరి ఆరు నెలలు నా ముందర సూది సూది అని ఎందుకు ఎగిరినాడు?” పోతులయ్య అరచేతిలో గూడును నలక్కుండా ఎదురు బెంచీ మీద పెట్టాడు.

“ఆ చివరి రోజు, మీరు గోడకు తిరిగి పడుకున్న మంగళవారమే అన్నా, ఆ తరువాత ఆయనకు ఈ ఊళ్లో పనే లేదు, వారం వారం హిందూపురంలో రైలెక్కి వచ్చింది మీతో పోట్లాడేదానికే.”