తిట్ల పూచీకత్తు

"కళ్లు మూసుకుని కారు మాకిచ్చేయండి మేడమ్" అనే మాట వినపడగానే పళ్ల డాక్టరమ్మ టక్కున ఫోన్ పెట్టేసింది.

"మళ్లీ ఏమొచ్చింది?" అన్నాడు భర్త, అట్టపెట్టెకు టేపు అంటిస్తూ. "ఊళ్లో ఉన్న కార్ల ట్రాన్స్‌పోర్టు వాళ్లందరికీ వరసపెట్టి చేస్తున్నావు. ఎవరో ఒకరికి ఇచ్చెయ్యకూడదూ?"

"కళ్లు మూసుకోమనేవాడికి కారిస్తే, తెరిచేసరికి కారుండదు. మా నర్సు కారు ఏమైందో విన్నారుగా? ఎప్పటికో చేరింది. చేరితే వెనక సీటు నిండా పూలరేకులు. దారిలో ఎవరి పెళ్లికో తిప్పారట!"

"పోనీ, నేనే నడుపుకుంటూ తీసుకొస్తానన్నాను."

"గేటు దాటించడానికే అద్దం విరగ్గొట్టారు. రాష్ట్రం దాటిస్తే ఇక స్టీరింగొక్కటే మిగులుతుంది."

భర్త ఇంకో పెట్టె అందుకున్నాడు. ఇంట్లో మంచాలు విప్పేశారు, కర్టెన్లు దింపేశారు. కూర్చోడానికి మిగిలింది చుట్టిపెట్టిన పరుపు ఒకటే, దానిమీదే డాక్టరమ్మ కూర్చుంది. సోమవారం పొద్దున్నే కొత్త ఊరి ఆసుపత్రిలో చేరాలి. అక్కడ తీసుకున్న ఇంటినుంచి ఆసుపత్రికి బస్సు కూడా లేదు. పైగా ఆ కారంటే ఆమెకు ప్రాణం. ఎవరైనా దానికి ఆనుకుని నిలబడితేనే మనసు చివుక్కుమంటుంది.

మరో నంబరు నొక్కి, ఫోన్‌ను బోర్లించిన బకెట్ మీద పెట్టి స్పీకర్ ఆన్ చేసింది.

"కారు పంపాలండీ. గీతలేమీ పడవు కదా?"

"పడొచ్చు" అన్నాడు అవతల కంపెనీ యజమాని.

డాక్టరమ్మ నిటారుగా కూర్చుంది. "పడొచ్చా?"

"రోడ్డు మీద వెళ్లే బండి కదండీ. పడకుండా చూస్తాం. పడితే బీమా ఉంది."

"మీకు కారిచ్చినవాళ్ల నంబరు ఒకటివ్వండి. మాట్లాడతాను."

అవతల ఆయన గొంతు సవరించుకున్నట్టు వినపడింది.

"ఈమధ్యే ఒక పెద్దావిడ కారు చేర్చాను. కానీ ఆవిడ నా గురించి మంచిగా చెప్పరండీ."

"ఆవిడ నంబరే ఇవ్వండి."

పెద్దావిడ ఒక్క రింగుకే ఎత్తింది. ట్రాన్స్‌పోర్టు అనగానే అందుకుంది.

"ఆ మనిషా! ఆయన ఊసెత్తకమ్మా, ఒళ్లు మండుతుంది."

భర్త టేపు పక్కన పడేసి పరుగున వచ్చాడు. "చెప్పానా?" అన్నట్టు కళ్లెగరేశాడు.

"ఏం చేశాడండీ?"

"ఏం చేశాడా? బండి ఎక్కించే ముందు కారు చుట్టూ ప్రదక్షిణాలు చేసి ఫొటోలు తీశాడు. పాత సొట్టలన్నీ వీధంతా వినపడేలా పైకి చదువుతూ రాసుకున్నాడు. నా పరువు గంగలో కలిసింది! పోనీలే అని డిక్కీలో కుట్టుమిషన్ పెట్టుకుంటే దింపించేశాడు. లోపల సామానుంటే బీమా చెల్లదట."

"అయ్యో."

"అక్కడితో ఆగిందా? పొద్దున ఒక ఫోను, సాయంత్రం ఒక ఫోను. కారు ఫలానా చోట ఉందండీ, క్షేమమండీ అని. నాకు కారు కావాలి గానీ దాని యోగక్షేమాలెందుకమ్మా? శుక్రవారం తెస్తానని శుక్రవారమే తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. ఒక్కరోజు ఆలస్యం చేస్తే ఆయన సొమ్మేం పోయింది? నేనింకా బట్టలు నానబెట్టుకుని ఉన్నాను!"

"మరి కారు?"

"అదే కదా నా కడుపుమంట! కొత్త గీత ఒక్కటైనా దొరక్కపోతుందా, చెడామడా కడిగేద్దామని చుట్టూ వెతికాను. ఒక్కటి దొరికితే ఒట్టు! టీ తాగి వెళ్లవయ్యా అంటే, ముందు సంతకం పెట్టండన్నాడు. మాటా మంతీ లేని మనిషి!"

ఫోన్ పెట్టేశాక భర్త దండం పెట్టాడు. "నాయనోయ్, ఎంత తిట్టింది! వీడు మాత్రం వద్దు."

"ఆవిడ ఏమని తిట్టిందో ఒకసారి వేళ్లమీద లెక్కపెట్టండి."

"ఫొటోలు తీశాడు... సామాను దింపేశాడు... రోజూ ఫోన్ చేశాడు... అన్న రోజుకే..." మడిచిన వేళ్లు అలాగే ఉండిపోయాయి. ముందు నవ్వింది డాక్టరమ్మే. ఆ వెంటనే ఖాళీ గది మారుమోగేలా భర్త కూడా నవ్వాడు.

కారు ఆయనకే ఇచ్చారు. ఆయన ఫొటోలు తీశాడు. భర్త విరగ్గొట్టిన అద్దం సంగతి వీధి వీధంతా వినేలా చదివాడు. వెనక సీట్లో దాచిన గొడుగు కూడా బయటికి తీయించాడు. రైల్లో వాళ్లు కునుకు తీద్దామనుకున్నప్పుడల్లా ఫోన్ చేసి కారు క్షేమమన్నాడు. ఆదివారం అన్నాడు, ఆదివారమే కొత్త ఇంటి ముందు కారు దిగింది. భర్త టార్చి వేసుకుని చక్రాల సందుల్లో కూడా వెతికాడు. ఒక్క గీత లేదు.

డాక్టరమ్మకు సంతోషం పట్టలేదు. స్టీరింగు ముందు కూర్చునే పెద్దావిడకు ఫోన్ కలిపింది.

"మీరు అంతలా తిట్టబట్టే ఆయనకిచ్చామండీ. కారు ముత్యంలా చేరింది."

"చేరిందా? నా తల్లే! చల్లని మాట చెప్పావమ్మా!" పెద్దావిడ గొంతు మురిసిపోయింది.

డాక్టరమ్మ తెల్లబోయింది. "అదేమిటండీ, ఆయనంటే మీకు పడదు కదా?"

"పడకపోవడమేంటమ్మా, బంగారంలాంటివాడు! కానీ, పిల్లనిచ్చిన అత్తగారు అల్లుణ్ణి పొగిడితే నువ్వు నమ్మేదానివా?"