గేటు దగ్గరి ఏడోవాడు

"గేటు కాడ నిలబడ్డోడు హీరో ఎట్లయితడక్కా?" హెల్మెట్‌కున్న ల్యాంపు విప్పి కిటికీలో పెడుతూ అడిగాడు ప్రశాంత్.

మమత నంబరు చూసి ల్యాంపును కొక్కేనికి తగిలించింది. "నిలబడ్డోడు గాదు. లెక్క పెట్టినోడు."

మధ్యాహ్నం మూడు దాటింది. ఫస్టు షిఫ్టు పైకొస్తోంది. గోదావరిఖని పక్కనున్న ఆ గనిలోకి దిగేవాళ్లు ఈ కిటికీ దగ్గరే ల్యాంపు తీసుకుంటారు, పైకొచ్చాక ఇక్కడే ఇస్తారు. ఏ కొక్కెం ఖాళీగా ఉంటే ఆ నంబరు మనిషి ఇంకా కింద ఉన్నట్టు. మమత ఆ కొక్కేలు చూడబట్టి మూడేళ్లు.

ప్రశాంత్ బొగ్గు దగ్గర పనిచేస్తాడు. ఇద్దరూ ఫోన్లలో ఒకే యానిమే, అంటే జపాన్ కార్టూన్ సీరియల్, చూస్తారు. అందులో వీరులు ఏడుగురు. ఆరుగురు రాక్షసుల గుహలోకి దిగి పోరాడతారు. ఏడోవాడు కిజుమో. వాడు గుహ గేటు దగ్గర నిలబడి పోయినవాళ్లనూ వచ్చినవాళ్లనూ లెక్కపెడతాడు. పన్నెండు ఎపిసోడ్లలో కలిపి నాలుగు నిమిషాలు కనిపిస్తాడు. మమత టైము చూసి మరీ కూడింది.

"కత్తి లేదు, రెక్కల్లేవు. చూసేటోళ్లు ఓట్లేస్తే ఆఖరుకు వచ్చిండు నీవోడు."

"అందరు కొట్లాడుడు చూసిండ్రు. తిరిగొచ్చుడు ఎవడు చూసిండు? వానికి ఒక్క ఎపిసోడ్ ఇచ్చి ఉంటే అందరికన్న పెద్ద హీరో అవుతుండె."

"ఏం జేసి?"

"ఒక్కడు తక్కువున్నా గేటు మూయనియ్యకుంట. రాజొచ్చి చెప్పినా సరే."

"తక్కువుంటే సరే. లెక్క సరిపోయిందనుకో. అప్పుడేం జేస్తుండె?"

మమత అతని వెనక్కి చూసింది. "ఎనక లైనున్నది, నడువ్ తమ్మీ" అంది.

వెనక ఎల్లన్న. రెండు చేతుల్లో నాలుగు ల్యాంపులు. పైకొచ్చే దారిలో కరెంటు లైట్లున్న చోటికి రాగానే కొందరు ల్యాంపులు విప్పి ఒకరి చేతికిచ్చేస్తారు. లైన్లో నిలబడే పని తప్పుతుంది. ఇవ్వకూడదు. ఇస్తారు.

"మావోళ్లవి. జల్ది తీసుకో, మంచిర్యాల బస్సు పోతది."

"ఎవరిది వాళ్లే ఇయ్యాలె అన్నా."

"రేపటి సంది" అన్నాడు ఎల్లన్న. రోజూ అదే అంటాడు.

లైను తరిగింది. బుచ్చన్న రాలేదు.

బుచ్చన్న వచ్చే ఏడు రిటైరవుతాడు. మోకాళ్ల నొప్పి. అతని ల్యాంపు చాలాసార్లు ఎల్లన్న చేతిలోనే వస్తుంది. అయినా ఇంటికి పోయే ముందు వట్టి చేతులతో కిటికీలోకి తొంగి చూస్తాడు. "ఏం బిడ్డా, మీ గేటోడు ఇయ్యాలన్న గెలిచిండా?" అని అడిగి, తనే నవ్వుకుని పోతాడు. ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు. మూడు నెలలుగా ఒక్క రోజూ అడగకుండా పోలేదు.

మూడూ నలభైకి ల్యాంపు రూము ఇన్‌చార్జి సదయ్య లేచాడు. "ఫస్టు షిఫ్టు క్లోజ్ చేద్దామా?"

"సార్, బుచ్చన్న కాక రాలె."

"ఇంటికి పోయిండొచ్చు."

"అడగకుంట పోడు సార్."

"ఏమడగకుంట?"

చెప్పక తప్పలేదు. సదయ్య పగలబడి నవ్వాడు. "కార్టూన్ ముచ్చట అడగలేదని మనుషులను దింపి దేవులాడించాల్నా? మేనేజర్ సారుకు ఏమని చెప్పాలె? ల్యాంపొస్తే మనిషొచ్చినట్టే. పో, కొక్కేలు చూసి లెక్క చెప్పు."

మమత ర్యాకుల వెనక్కి వెళ్లింది. చివరి ర్యాకు పక్కన గోడకు ఆమె టిఫిన్ సంచి వేలాడుతోంది. ఒకటికి రెండుసార్లు వరుసలన్నీ చూసింది. తిరిగొచ్చేసరికి సదయ్య తాళాలు చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"ఒకటి తక్కువుంది సార్. రెండు వందల పన్నెండు."

సదయ్య స్వయంగా వెళ్లి చూశాడు. 212 కొక్కెం ఖాళీ. బుచ్చన్న నంబరు. నవ్వు ఆగిపోయింది. ఎల్లన్నకు ఫోన్ చేస్తే కలవలేదు. మేనేజరుకు కలిసింది. పది నిమిషాల్లో ఆరుగురు దిగారు. స్నానం చేయకుండా ఇంకా బొగ్గు మొహంతోనే ఉన్న ప్రశాంత్ అందరికన్నా ముందు.

ఐదింటికి స్ట్రెచర్ మీద తెచ్చారు. లైట్లు మొదలయ్యే చోటు దాటి నాలుగడుగుల్లో, పక్క మలుపు వెనక పడి ఉన్నాడు. షుగరు పడిపోయింది. ల్యాంపు దొరకలేదు, ఎక్కడో జారిపోయి ఉంటుందనుకున్నారు. ఇంకో గంటయితే చెప్పలేకపోయేవాళ్లమని దవాఖానలో డాక్టరు అన్నాడు.

గ్లూకోజ్ ఎక్కాక బుచ్చన్న కళ్లు తెరిచాడు. మంచం పక్కన మమత.

"బిడ్డా... గెలిచిండా?"

"కొద్దిల గెలిచిండు కాకా."

మర్నాడు సదయ్య ఎల్లన్నను అందరి ముందు నిలబెట్టాడు. "నాలుగిచ్చిన సార్. ఎవరెవరివో నంబర్లు చూల్లె" అని ఎల్లన్న చెవులు పట్టుకున్నాడు. ఇకమీదట ఎవరి ల్యాంపు వాళ్లే ఇవ్వాలని సదయ్య గట్టిగా చెప్పాడు.

"ఆ 212ను పోయిన ల్యాంపుల కింద రాసెయ్ మమతా."

"ఒక్క రోజు చూద్దాం సార్. దొరుకుతదేమో."

ప్రశాంత్ డ్యూటీకి దిగే ముందు కిటికీ దగ్గర ఆగాడు.

"ఒప్పుకున్నక్కా. కిజుమోనే అందరికన్న పెద్ద హీరో. నిన్న ఒకటి తక్కువున్నదని నువ్వు పట్టకుంటే కాక బతకకపోతుండె. గానీ నా సవాలు అట్లనే ఉన్నది. లెక్క సరిపోతే ఏం జేస్తుండె?"

"షిఫ్టు టైమయింది. నడువ్ తమ్మీ."

అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మమత ర్యాకుల వెనక్కి వెళ్లి, టిఫిన్ సంచిలోంచి 212 ల్యాంపు తీసి కొక్కేనికి తగిలించింది.